విశాఖ చూడాలంటే ముందు వన్ టౌన్‌కి రండి

విశాఖ వచ్చిన చుట్టాలు స్టేషన్‌లో దిగగానే బీచ్ అంటారు. షిప్‌యార్డులో వెల్డింగ్ పని చేసి రిటైరయ్యాను కాబట్టి కాబోలు, నేను మాత్రం వాళ్లని ముందు వన్ టౌన్‌కి, అంటే పాత ఊరికి తీసుకెళ్తాను.

పాతపోస్టాఫీసు దగ్గర, పోర్టుని ఆనుకునే మూడు కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద దర్గా, మరోదాని మీద వెంకన్న గుడి. పొద్దున్నే మొదలుపెడితే ఎండ ముదిరేలోపు మూడూ ఎక్కి దిగొచ్చు. చర్చి ఉన్న రాస్ హిల్ మీద కాసేపు కూర్చోండి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడలు లోపలికొచ్చే దారి కనిపిస్తుంది. అదృష్టముంటే పెద్ద ఓడని టగ్గులు, అంటే ఓడల్ని లాగే చిన్న పడవలు, మెల్లగా తీసుకురావడం చూస్తారు. ఈ పోర్టు 1933 నాటిది. 1948లో 'జల ఉష' అనే ఓడని నెహ్రూగారు నీళ్లలోకి దింపింది ఈ ఊళ్లోనే. అప్పటి సింధియా కంపెనీ షిప్‌యార్డు పేరు ఎప్పుడో మారినా ఆ ఏరియాని మేమిప్పటికీ సింధియా అనే అంటాం. యార్డులోకీ స్టీల్‌ప్లాంట్‌లోకీ ఊరికే పోనివ్వరు, గేటు దగ్గర బతిమాలి టైం పాడుచేసుకోకండి.

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి అక్కడికి దగ్గరే. అమ్మవారికి పైకప్పు ఉండదు. మార్గశిర గురువారాలు మాత్రం తప్పించండి, క్యూలోనే పూట గడిచిపోతుంది.

సింహాచలం మర్నాడు పెట్టుకోండి. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో 28 నంబరు బస్సెక్కితే కొండ కింద దింపుతుంది. పైకి బస్సుంది, ఓపికుంటే మెట్లున్నాయి. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే. మొదటిసారి వచ్చేవాళ్లని ఆ రోజు రావొద్దనే చెప్తాను. మామూలు రోజైతే భక్తులు కౌగిలించుకునే కప్పస్తంభం దగ్గర ఆగొచ్చు, గోడల మీది శాసనాలు తీరిగ్గా చూడొచ్చు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చిన సంగతి కూడా ఇక్కడి శాసనాల్లో ఉంది.

ఇంకో రోజు చేతిలో ఉంటే అనకాపల్లి దగ్గర శంకరం వెళ్లండి. బొజ్జన్నకొండలో రాతిని తొలిచిన గుహలు, లోపల స్తూపం, గోడల మీద బుద్ధుడి బొమ్మలు. పక్కనున్న లింగాలకొండ మీద రాతి స్తూపాలు బారులు తీరి ఉంటాయి. ఇనుముకి అతుకులేసి బతికినవాణ్ణి, కొండరాయిలోంచే చెక్కిన ఆ స్తూపాల చుట్టూ తిరుగుతూ ఉండిపోతాను. నీడ తక్కువ, నీళ్లు వెంట ఉంచుకోండి. అనకాపల్లి దాకా రైలుంది. అక్కడ ఎక్కిన ఆటోనే రానూపోనూ మాట్లాడుకోండి.