తొలకరికి ముందు అసీల్ కోళ్ల పెంపకంలో జాగ్రత్తలు

మాంసానికీ పందేలకూ తెలుగు పల్లెల్లో తరతరాలుగా పెంచుకుంటున్న అసీల్ కోడి ఎండకు తట్టుకుంటుంది, పెరట్లో ఏరుకున్న మేతతోనే చాలావరకు గడుపుకొస్తుంది, పిల్లల తల్లి అయితే గద్దకు కూడా ఎదురు తిరుగుతుంది. ఆ మొండితనాన్ని చూసి ‘నాటు కోడికి టీకా ఎందుకు’ అనుకునేవారి గంపలే వానాకాలంలో ముందుగా ఖాళీ అవుతున్నాయి. కోళ్లను గుంపులుగా చంపే కొక్కెర తెగులు (రాణీఖేత్) జాతిని చూసి రాదు.

అందుచేత తొలకరికి మూడు వారాల ముందే టీకాల పని ముగించుకోవాలి. అంతకు వారం ముందు నట్టల మందు తాగించాలి. వారం వయసు పిల్లలకు ఈ తెగులు టీకా అయిన లసోటా చుక్కను కంట్లో గాని ముక్కులో గాని వేసి, చుక్క లోపలికి ఇంకేదాకా పిల్లను చేతిలోనే ఉంచుకోవాలి, వెంటనే వదిలితే తల విదిలించి మందును నేలపాలు చేస్తుంది. 8 వారాలు నిండిన కోళ్లకు అదే తెగులుకు ఆర్2బి అనే టీకాను 0.5 మి.లీ. చొప్పున రెక్క దగ్గర చర్మం కిందికి ఇస్తారు. అంతకన్నా చిన్నవాటికి, జబ్బుగా ఉన్నవాటికి వేయకూడదు. టీకాను ఐసు వేసిన ఫ్లాస్కులోనే తెచ్చి, కలిపిన రెండు గంటల్లోపు వాడేయాలి. సీసాలో వంద కోళ్లకో, అంతకు మించో సరిపడే మందు ఉంటుంది కనుక, పది కోళ్లున్న ఇల్లు ఒక్కటే కొనేకంటే, వీధివారంతా కలిసి తెల్లవారుజామున, కోళ్లను బయటికి వదలకముందే వేయించుకోవడం మేలు.

తరువాత చూడవలసింది గూటిలోని తేమ. పరిచిన ఊకను గుప్పెట నిండా తీసి గట్టిగా పిసికి వదిలితే పొడిపొడిగా రాలిపోవాలి. ముద్దగా నిలిచిందంటే రక్త పారుడుకు చోటు సిద్ధమైనట్టే, వెంటనే మార్చాలి. జల్లు పడేవైపు గోనె పట్టాలు కట్టినా, గాలి ఆడడానికి పైన జానెడు ఖాళీ వదలాలి. బూజు పట్టిన తౌడు, మొక్కజొన్న పెట్టకూడదు.

ముసురు రోజుల్లో అసీల్ పుంజులను ఒకే గూటిలో మూసి ఉంచితే నెత్తురు వచ్చేదాకా పొడుచుకుంటాయి. వాటిని వేర్వేరు గంపల కింద ఉంచి, గాయాలను ఈగలు వాలకముందే కడిగి మందు రాయాలి.

సంతలో కొన్న కోడిని మూడు వారాలపాటు విడిగా ఉంచాలి. ఆకుపచ్చని రెట్ట వేస్తూ మెడ వంకర తిప్పుతున్న కోడిని అయినకాడికి అమ్ముకుందామని సంతకు తీసుకెళ్లడం ఊరూరికీ తెగులును మోసుకెళ్లడమే. దానిని వేరుచేసి పశువైద్యునికి చూపాలి, చనిపోతే కాలువలో పడేయకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి.