ఫోన్లు మూగబోయినప్పుడు వీధిలో మాట నడిపేదెలా

నేను దక్షిణ రైల్వే చెన్నై డివిజన్‌లో సెక్షన్ కంట్రోలర్‌గా, అంటే ఒక మార్గంలో ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పే మనిషిగా, పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు గూడూరు, ఇల్లు మడిపాక్కంలో. పళ్ళికరణై చిత్తడి పక్కనే ఉన్నాం కాబట్టి వాన నీళ్ళు ఇంటి ముందుకు రావడం మాకు కొత్తేమీ కాదు. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడూ ఒకటే వరస. ముందు కరెంటు పోతుంది. నీళ్ళల్లో షాకు కొట్టకుండా కరెంటోళ్ళే తీసేస్తారు, అది మంచిదే. కొన్ని గంటలకు సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతాయి, జనరేటరుకు డీజిల్ తెచ్చే దారి ఉండదు. ఇక చేతిలో ఉన్న ఫోను టార్చిలైటుకు తప్ప ఎందుకూ పనికిరాదు. మొదటి వీధిలో పడవ ఆగి ఉంటుంది, మూడో వీధిలో ఇన్సులిన్ అయిపోయినాయన ఉంటాడు. ఇద్దరి మధ్యా మూడు వందల గజాల దూరం కూడా ఉండదు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

అందుకే మా నాలుగు వీధులవాళ్ళం కలిసి వాకీటాకీలు పెట్టుకున్నాం. తమిళులం, తెలుగువాళ్ళం, ఇద్దరు ముగ్గురు మలయాళీలు. చూసినవాళ్ళంతా నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ మోడల్ కొనాలి సార్?" అని. అది చివర అడగాల్సిన ప్రశ్న.

కంట్రోల్‌లో ఎవరు కూర్చుంటారు

రైల్వేలో కంట్రోల్ ఫోన్ అని ఉంటుంది. ఒకే లైను మీద సెక్షన్‌లోని స్టేషన్లన్నీ ఉంటాయి. ఒకరు మాట్లాడుతుంటే అందరికీ వినిపిస్తుంది. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది కంట్రోలర్ చెబుతాడు. వాకీటాకీ అచ్చం అదే. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఎవరి మాటా ఎవరికీ అందదు. కాబట్టి మీ వీధుల్లో కంట్రోలర్ ఎవరో వాన రాకముందే తేలాలి.

గొంతు పెద్దదని ఎవరినీ పెట్టకండి. మోకాల్లోతు నీళ్ళలో దూకే ఉత్సాహం ఉన్న కుర్రాళ్ళనూ పెట్టకండి, వాళ్ళు బయట కావాలి. ఇంట్లోనే ఉండేవాళ్ళు, చేతిరాత చదవగలిగేలా ఉండేవాళ్ళు, ఎవరినైనా "ఆగండి" అని మొహమాటం లేకుండా అనగలిగేవాళ్ళు కావాలి. మాకు రిటైరైన తమిళ టీచరు ఒకావిడ దొరికారు. ఆవిడ ఇల్లు రెండో అంతస్తులో, పైన డాబా. సెట్‌లో మర్యాదలు వద్దు, "కంట్రోల్" అని పిలిస్తే చాలని చెప్పాను. ఎవరూ వినలేదు, అందరికీ ఆవిడ "టీచరమ్మే". సరే, అందరికీ అర్థమవుతోంది కాబట్టి వదిలేశాను. ఆవిడ నిద్రపోయేటప్పుడు కూర్చోవడానికి ఇంకొకరు ఉండాలి. వీధికి ఇద్దరు చొప్పున చాలు. ఒకరు సెట్ దగ్గర, ఒకరు ఇంటింటికీ తిరగడానికి. సెట్ దగ్గర ఉండేవాళ్ళ ఇల్లు మొదటి అంతస్తులోనో ఆ పైనో ఉండాలి.

తర్వాత కాగితం. ఇంటింటికీ ఒక వరస నంబరు ఇచ్చి, ఎంతమంది ఉన్నారు, మెట్లు దిగలేనివాళ్ళెవరు, ఫ్రిజ్‌లో పెట్టే మందులున్నాయా, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు, గర్భిణులు, చంటిపిల్లలు అన్నీ రాయండి. ఇవ్వగలిగినవాళ్ళ సంగతీ రాయండి: ఈత వచ్చినవాళ్ళు, నర్సు, ఇన్వర్టరు, అదనపు గ్యాస్ సిలిండరు. వినాయక చవితి చందాకు ఎలాగూ గడప గడపకూ తిరుగుతాం, మేం ఆ చేత్తోనే ఇదీ రాసుకుంటాం. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి కాబట్టి సమయానికి సరిపోతుంది. కాపీలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి వీధికొకటి ఇవ్వండి.

సెట్‌లో ఆ నంబరే పలకాలి. "రెండో వీధి చివర పెద్దావిడ ఒక్కతే ఉంది, ఇంటికి తాళం వేసి వాళ్ళబ్బాయి ఊరెళ్ళాడు" అని చెప్పామంటే, అలాంటి సెట్ ఉన్న ప్రతివాడికీ చెప్పినట్టే. "తొమ్మిదికి మనిషి కావాలి" అంటే మన కాగితం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు సెట్ల సంగతి

2018 నుంచి మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదు. పవర్ అర వాట్‌కు మించకూడదు, సెట్‌కు ప్రభుత్వ ఆమోదం, అంటే ఈటీఏ, ఉండాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చైనా సెట్లు చాలావరకు వేరే ఫ్రీక్వెన్సీల్లోనూ పనిచేస్తాయి. తెలియక నొక్కితే పోలీసుల మాటల మీద మన మాట పడొచ్చు. అది నేరం, పైగా విపత్తు వేళ ఇంకొకరి ప్రాణానికి అడ్డం. ఇలాంటి అమ్మకాల మీద వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు కూడా తెచ్చింది. పెట్టె మీద ఫ్రీక్వెన్సీ, ఆమోదం వివరాలు లేకపోతే కొనకండి.

పెట్టె మీద రాసిన రేంజ్‌ని మాత్రం నమ్మొద్దు. అది మైదానంలో లెక్క. మన కాంక్రీటు ఇళ్ళ మధ్య, కింద నుంచి కిందికి రెండు వీధులు దాటడమే కష్టం. అదే సెట్ డాబా మీద నుంచి డాబా మీదికైతే పేట మొత్తం వినిపిస్తుంది. ఎండ కాసే రోజున ఒకరు కంట్రోల్ డాబా మీద ఉండి, ఇంకొకరు ప్రతి వీధీ నడుస్తూ మాట్లాడి, ఎక్కడ గొంతు తెగిపోతోందో చేత్తో గీసిన మ్యాపు మీద గుర్తు పెట్టండి. ఆ చోట్లకు దగ్గరలో ఎత్తయిన డాబా ఉన్నవాళ్ళు మధ్యలో మాట అందుకుని అటువైపుకు చెప్పాలి.

అందరూ ఒకే మోడల్ కొంటే మేలు. ఛానెల్‌తో పాటు టోన్ కోడ్ అని ఒకటి ఉంటుంది, అదే కోడ్ పెట్టినవాళ్ళ మాట మాత్రమే వినిపించేలా చేస్తుంది, దాన్ని అందరూ ఆపేయండి. చాలామంది దానివల్ల మాటలు రహస్యంగా ఉంటాయనుకుంటారు. ఉండవు, మనకే అవతలివాళ్ళ మాట వినిపించకుండా పోతుంది. చేయి నొక్కకుండా గొంతుకే పనిచేసే సదుపాయం ఉంటే అదీ ఆపండి, లేకపోతే వాన చప్పుడుకే సెట్ ప్రసారం మొదలుపెడుతుంది. యూఎస్‌బీతో ఛార్జయ్యేదో, మామూలు పెన్ సెల్స్ వేసుకునేదో తీసుకోండి. తడవకుండా పల్చటి జిప్ కవర్లో పెట్టుకుని కవర్ మీద నుంచే మాట్లాడొచ్చు.

మాట్లాడే పద్ధతి

ఇక్కడే నేను అందరినీ సతాయిస్తాను. బటన్ నొక్కి, మనసులో "ఒకటి" అనుకుని, అప్పుడు మాట్లాడాలి. లేకపోతే మొదటి ముక్క తెగిపోతుంది. మాట పూర్తిగా అయ్యాకే వేలు తియ్యాలి. మన భాషల్లో వద్దనే మాట చివర వస్తుంది కాబట్టి ఇది చాలా ముఖ్యం. "పడవ పంపించవద్దు" అన్నదాంట్లో చివర తెగితే పడవ వచ్చేస్తుంది. తమిళంలోనూ అంతే. అందుకని వద్దని చెప్పాల్సి వస్తే ముందే "నెగటివ్" అనండి, తర్వాత సంగతి చెప్పండి.

బటన్ నొక్కక ముందే విషయం కాగితం మీద రాసుకోండి. ఎవరిని పిలుస్తున్నాం, మనమెవరం, ఏ ఇల్లు, ఏమైంది, ఎంతమంది, ఏం కావాలి. అంకెలు ఇంగ్లీషులో ఒక్కొక్కటిగా పలకండి. కంట్రోల్ విన్నది తిరిగి చదవాలి. "సరే", "ఓకే" అంటే ఒప్పుకోవద్దు. మా ఉద్యోగంలో స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చన్న అనుమతి, ఇచ్చాడంటే దానికి ఒక ప్రైవేట్ నంబరు ఇస్తాడు, ఇవతలివాడు అది రాసుకోవాలి. ఆ నంబరు లేకుండా బండి కదలదు. వీధిలో అంత కట్టుదిట్టం అక్కర్లేదు గానీ, ప్రతి మెసేజీకి ఒక నంబరుంటే చాలా గొడవ తగ్గుతుంది. మా డ్రిల్లులో ఇలా నడుస్తుంది ("ఓవర్" అంటే నా మాట అయింది, ఇక మీరు చెప్పండి అని):

"కంట్రోల్, మూడో వీధి. ఓవర్."
"మూడో వీధి, చెప్పండి. ఓవర్."
"మెసేజ్ ఫైవ్. ఇల్లు వన్ ఫోర్. ఇన్సులిన్ రాత్రి దాకానే ఉంది. ఒకరు. మందు కావాలి, మనిషిని తరలించక్కర్లేదు. ఓవర్."
"మెసేజ్ ఫైవ్. ఇల్లు వన్ ఫోర్, ఒకరు, ఇన్సులిన్ రాత్రి దాకా, మందు మాత్రమే. కరెక్టా? ఓవర్."
"కరెక్ట్. ఓవర్."

ప్రాణం మీదికి వచ్చిన విషయమైతే "బ్రేక్, బ్రేక్" అంటే చాలు, మిగతావాళ్ళంతా నోరు మూసుకోవాలి. పాలు, కొవ్వొత్తులు, "మా అల్లుడు క్షేమమేనా" లాంటివన్నీ ఆ తర్వాతే. ఎవరో చెప్పగా విన్నది సెట్‌లో పెట్టొద్దు. చెరువు గండి పడిందన్న పుకారు ఒక్కసారి సెట్ ఎక్కిందంటే, నీళ్ళకంటే టెన్షన్‌కే జనం మెట్ల మీద పడతారు. చూసినవాళ్ళెవరో చెప్పగలిగితేనే కంట్రోల్ రాసుకోవాలి.

బ్యాటరీ ఆదాకు పగలు ప్రతి గంటా కొట్టగానే పది నిమిషాలు అందరూ సెట్ ఆన్ చేసి ఉండాలి, రాత్రి మూడు గంటలకోసారి. కంట్రోల్ సెట్ మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి.

పేట బయటికి

బయట నుంచి వార్త రావడానికి సెల్స్ వేసుకునే ఎఫ్‌ఎం రేడియో ఒకటి కంట్రోల్ దగ్గర ఉంచండి. ఆకాశవాణి ఎఫ్‌ఎం రెయిన్‌బో 101.4లో వస్తుంది. నుంగంబాక్కం వాతావరణ కేంద్రం రెడ్ అలర్ట్ ఇచ్చిందంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటే వాన పడొచ్చని. నంబర్లు కాగితం మీద పెద్దక్షరాలతో రాయండి: అత్యవసరానికి 112, కార్పొరేషన్‌కు 1913, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077. ఫోను కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్ళే అవకాశం ఉంది, ప్రయత్నించండి.

సెల్ పూర్తిగా పోతే మన అర వాట్ సెట్ పేట దాటదు. అప్పుడు హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకున్న ఔత్సాహికులు దూరాలకు మాట్లాడుకునే రేడియో, కావాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ బృందం హామ్ ప్రసారాల కోసమని పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు పోయాక అండమాన్ నుంచి కబుర్లు మోసింది వాళ్ళే. హామ్ లైసెన్సుకు టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెడుతుంది. 12 ఏళ్ళు నిండితే రాయొచ్చు. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, నిబంధనలు చదివితే చాలు, కింది మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతలతో కబురు పంపే పద్ధతి) అక్కర్లేదు. మా పేటలో ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లాడు ఒకడు రాసి, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో పలికే గుర్తింపు పేరు, తెచ్చుకున్నాడు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో డాబా మీద కట్టిన తీగతో పగటిపూట నెల్లూరు, విజయవాడ అందుకుంటాడు. వాళ్ళమ్మకు ఆ తీగ మీద బట్టలారేయాలని ఉంటుంది, అదొక తగువు. మీ పేటలో ఇలాంటివాళ్ళుంటే ఇప్పుడే పరిచయం చేసుకోండి. వాళ్ళ సెట్ లైసెన్సు లేనివాళ్ళ చేతికి మాత్రం ఇవ్వకూడదు.

ఆరెంజ్ అలర్ట్ వచ్చిన సాయంత్రం చేసేవి మీకు తెలిసినవే. సెట్లూ పవర్ బ్యాంకులూ ఛార్జింగ్, మంచినీళ్ళు పట్టడం, లిఫ్టు పై అంతస్తులో ఆపడం, సంపు మూత బిగించడం. కార్లను వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద పెట్టడం ఇప్పుడు ఊరంతా చేస్తున్నదే. అంబులెన్సుకు దారి వదిలి పెట్టండి.

డ్రిల్లు నెలకోసారి, ఆదివారం పొద్దున. రెండో నెలకే జనం తగ్గిపోతారు, అది మామూలే. దానికి టీచరమ్మ కనిపెట్టిన ఉపాయం బాగుంది. ప్రతి వీధినీ "మీ ఇంట్లో టిఫిన్ ఏంటి?" అని అడిగి, పద్ధతి ప్రకారం మెసేజ్ నంబరుతో రాస్తారు, తిరిగి చదువుతారు. ఎవరింట్లో పెసరట్టో తెలుసుకోవడానికైనా అందరూ సెట్ ఆన్ చేస్తున్నారు.

నీళ్ళు తీశాక ఎవరికి వాళ్ళు సెట్ ఆపేసి పడుకోకూడదు. కంట్రోల్ ఒక్కో వీధినీ పిలిచి, రాసుకున్న మెసేజీల్లో ఇంకా తేలనివేమైనా ఉన్నాయా అని నంబరు ప్రకారం అడగాలి. జవాబు రాని వీధికి మనిషిని పంపాలి. అన్నీ తేలాకే "కంట్రోల్ క్లోజ్" అనాలి, టైము రాయాలి. తర్వాత సెట్లలోని పెన్ సెల్స్ తీసి విడిగా పెట్టండి, లోపలే ఉంచితే కారి సెట్ పాడవుతుంది.