ప్రకటనల పనిలో సృజన ఎండిపోకుండా చూసుకోవడం ఎలా?

ప్రకటనల ఏజెన్సీలో కొత్తగా చేరినవారికి మొదటి ఏడాది ఆలోచనలకు కొదవ ఉండదు. మూడో ఏడాది వచ్చేసరికి ఏ వస్తువు ఎదురుగా పెట్టినా ‘నమ్మకానికి మారుపేరు’, ‘తరతరాల అనుబంధం’ వంటి మాటలే కలం కొసకు వస్తుంటాయి. వాడేసిన సరుకు స్థానంలో కొత్తది నింపుకోకపోవడం, ముంబై నుంచి వచ్చిన హిందీ ప్రకటనకు తెలుగు చేసే అడాప్టేషన్ పనిలోనే రోజులు గడిచిపోవడం ఇందుకు ప్రధాన కారణాలని నా అనుభవం. రెండింటికీ విరుగుడు ఉంది, అయితే అది రోజూ కొంచెం కొంచెంగా చేయవలసిన పని.

మాటల ఖాతా తెరవండి

ముందుగా ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, రోజుకు ఒక్కటైనా చెవిన పడ్డ మాటను, అది ఎక్కడ, ఏ సందర్భంలో వినిపించిందో సహా రాసుకోండి. మందుల దుకాణం దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, ‘ఇది వేసుకుంటే తెల్లారేసరికి తగ్గుద్దా?’ అని అడిగేవారు కనిపిస్తారు గాని, ‘తక్షణ ఉపశమనం’ కావాలని అడిగే మనిషి ఒక్కరూ కనిపించరు. ఆ మాట ప్రకటనల్లో మాత్రమే బతుకుతోంది. కరీంనగర్‌లో విన్న మాటను, కర్నూలులో విన్న మాటను, శ్రీకాకుళంలో విన్న మాటను విడివిడిగా గుర్తు పెట్టుకోవడం కూడా అవసరం, ఎందుకంటే మూడు చోట్లకూ ఒకే లైను, అంటే ఒకే ప్రకటన వాక్యం, పంపిస్తే అది ఏ ఒక్కరిదీ కాకుండా పోతుంది.

వినియోగదారుడు ఎక్కడ ఉన్నాడో అక్కడికి వెళ్లి చూసే అలవాటు మనవాళ్లకు కొత్తేమీ కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దానిని సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టి జనానికి అలవాటు చేశారు. గంటల తరబడి ఒకే చోట కూర్చునే శ్రోతల తలలను ఆయన బాగానే లెక్కలోకి తీసుకున్నారనిపిస్తుంది.

బ్రీఫ్‌ను ఒక్క సన్నివేశానికి కుదించండి

క్లయింటు ఇచ్చే బ్రీఫ్‌లో, అంటే ప్రకటనలో ఏం చెప్పాలో తెలిపే పత్రంలో, సాధారణంగా నాణ్యత, సంప్రదాయం, రుచి అన్నీ ఉంటాయి, అందుకే దాని నుంచి ఏమీ పుట్టదు. ఉదాహరణకు ఒక ఆవకాయ బ్రాండు పని వచ్చిందనుకుందాం. ‘అమ్మ చేతి రుచి’ అని రాసేసి ముగించవచ్చు, కాని ఇప్పటికే ఎన్నో సీసాల మీద అదే మాట ఉంది. దానికి బదులు, ఆ సీసా మూత నిజంగా ఏ క్షణంలో తెరుచుకుంటుందో అడిగి తెలుసుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకు ఆఫీసు నుంచి గదికి చేరిన కుర్రవాడు ఫ్రిజ్ తెరిచి, కూర ఏమీ లేదని చూసి, కుక్కర్‌లో గ్లాసు బియ్యం పడేస్తాడు. ఆ సన్నివేశాన్ని కాగితం మీద రెండు వాక్యాల్లో రాసి ఎదురుగా పెట్టుకుంటే, ‘కూర లేదా? అన్నం వండు, చాలు’ వంటి లైను దానంతట అదే వస్తుంది. ఇది గొప్ప లైనని అనను, కాని ఇందులో ఒక మనిషి ఉన్నాడు, ఒక ఆకలి ఉంది, మరో వస్తువుకు అతికించడానికి వీలులేదు.

ముందు ఒంటరిగా, తరువాత కలిసి

అందరూ ఒక గదిలో కూర్చుని తోచిన ఆలోచనలు చెప్పే బ్రెయిన్‌స్టార్మింగ్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినది అమెరికా ప్రకటనల రంగానికే చెందిన అలెక్స్ ఆస్‌బర్న్. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన ప్రయోగంలో, విడివిడిగా ఆలోచించినవారి ఫలితాలను కలిపి చూస్తే, అంతే సంఖ్యలో కలిసి కూర్చున్నవారి కంటే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. గదిలో సీనియర్ ఒకరు ముందుగా నోరు విప్పితే మిగతావారి ఆలోచనలన్నీ ఆ దారినే పడతాయని మన ఏజెన్సీల్లో పనిచేసే ఎవరికైనా తెలుసు. కాబట్టి ఒక్కొక్కరూ ముప్పై లైన్లు రాసుకున్న తరువాతే సమావేశం పెట్టండి. మొదటి పది అందరికీ తోచేవే, వాటిని ఖర్చు చేసి పారేయడానికే రాయాలి.

ఆ సమావేశంలో కాపీరైటర్ (ప్రకటన మాటలు రాసేవారు) పక్కన డిజైనర్ తప్పకుండా ఉండాలి. తెలుగులో ఇది మరీ ముఖ్యం. ఇంగ్లీషు లేఅవుట్‌కు అలవాటుపడిన చేయి పంక్తుల మధ్య దూరం తగ్గిస్తే, పై పంక్తిలోని ఒత్తులు కింది పంక్తిలోని గుడుల మీద వచ్చి కూర్చుంటాయి. ఇంగ్లీషులోలాగా పెద్దక్షరాలతో అరిచే సౌకర్యం మనకు లేదు. ఒత్తులు తక్కువగా ఉండే మాటలు ఎంచుకుంటే హోర్డింగ్ మీద అక్షరం పరిమాణం పెంచుకోవచ్చు. ఈ సంగతి లైను రాసేటప్పుడే తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

హద్దును గట్టిగా, లోపలి చోటును వదులుగా

ఏళ్ల తరబడి తాజాగా ఉండాలంటే మారనిది ఏదో ముందే తేల్చుకోవాలి. 1966లో ప్రకటనల నిపుణుడు సిల్వెస్టర్ డకున్హా, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెజ్ రూపొందించిన అమూల్ పాపను చూడండి. చుక్కల గౌను, నీలి జుట్టు, ఒక చమత్కారపు లైను మారవు, ఆ లైను ప్రస్తావించే తాజా వార్త మాత్రం మారుతుంది. దానికి తోడు అమూల్‌ను నడిపించిన వర్గీస్ కురియన్ ప్రతి ప్రకటననూ ముందుగా తనకు చూపించనక్కరలేదని ఏజెన్సీకి స్వేచ్ఛ ఇచ్చారు. అంత అదృష్టం అందరికీ దక్కదు గాని, అప్రూవల్ ఇచ్చేవారి సంఖ్యను ఒకరికో ఇద్దరికో పరిమితం చేయమని పని మొదలుపెట్టకముందే అడగవచ్చు. ఆరుగురికి నచ్చేలా దిద్దిన లైనులో మూలంలోని ఉప్పూ కారం మిగలవు.

అడాప్టేషన్ తప్పనప్పుడు

ఒకసారి ఒక ఆర్థిక సంస్థ ఇంగ్లీషు లైనులో, అడిగినదానికంటే ఎక్కువే చేస్తామనే అర్థంలో వాడే నుడికారాన్ని నేను మాటకు మాటగా ‘మీ కోసం మరో మైలు నడుస్తాం’ అని తెలుగు చేశాను. ప్రూఫు చూసిన మా ఆఫీసు కుర్రవాడు, ‘బ్రాంచి అంత దూరమా సార్?’ అని అడిగాడు. అప్పటి నుంచి మూలాన్ని ఒకసారి చదివి, మూసేసి, అందులోని విషయాన్ని పక్కింటివారికి చెప్పినట్టు నోటితో చెప్పి, ఆ చెప్పినదే రాస్తున్నాను. గట్టిగా చదివినప్పుడు నాలుక తడబడితే మళ్లీ రాయవలసిందే.

వీలైతే వారంలో ఒక పూట అడాప్టేషన్ ముట్టుకోకుండా, ఏ క్లయింటూ అడగని లైన్లు రాయండి. తిరస్కరణకు గురైన లైన్లను పారేయకుండా తేదీతో, తిరస్కరణకు చెప్పిన కారణంతో ఒక ఫైలులో ఉంచండి. ఉగాది ప్రకటన పని సాధారణంగా ఆఖరి వారంలో మీద పడుతుంది, అప్పుడు అందరి చేతికీ మామిడి తోరణం, ఆరు రుచులే దొరుకుతాయి. సంక్రాంతి అయిన మర్నాడే ఆ ఫైలు తెరిచి చూసుకుంటే, బడ్జెట్ లేదన్న కారణంతో నిరుడు పక్కన పెట్టిన లైను ఒకటి ఈ ఏడాది పనికి రావచ్చు.