ముసలి పమేరియన్ కుక్కను తెచ్చుకుంటున్నారా? నిద్రలో ఊపిరి లెక్కపెట్టండి

పదేళ్లు దాటిన పమేరియన్‌కి గుండె కవాటం లీకవుతోందని చెప్పి ఇస్తున్నారంటే, మందుల చీటీతో పాటు పాత ఎకో (గుండె స్కాన్) రిపోర్టు కూడా అడిగి తీసుకోండి. ఇక మొదటి రాత్రి నుంచే ఈ అలవాటు చేసుకోండి. అది గాఢనిద్రలో ఉన్నప్పుడు డొక్క వైపు చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టండి. డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒకటి. వచ్చిన అంకెను రెండింతలు చేసి క్యాలెండర్ మీద రాయండి. కలగంటూ కాళ్లు ఆడిస్తున్నప్పుడు, ఎండకు రొప్పుతున్నప్పుడు లెక్క సరిగా రాదు.

మామూలుగా నిమిషానికి 30 లోపే ఉండాలి. దాటితే కాసేపాగి మళ్లీ చూడండి. అప్పుడూ తగ్గకపోతే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుండొచ్చు. నాలుక నీలంగా మారినా, మెడ చాచి కూర్చుని పడుకోలేకపోతున్నా అర్ధరాత్రైనా సరే తీసుకెళ్లాల్సిందే.

గుండె మందు పిమోబెండాన్ రాసిచ్చి ఉంటే తిండికి గంట ముందు, ఖాళీ కడుపున వేయండి. నీరు తీసే ఫ్యూరోసెమైడ్‌తో మూత్రం ఎక్కువవుతుంది. ఇల్లు తడుపుతోంది కదా అని నీళ్ల గిన్నె మాత్రం తీసేయకండి, పాపం, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతింటాయి. పెరుగన్నంలో ఉప్పు వద్దు. మెడపట్టీకి బదులు ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి.