అనువాద ప్రాజెక్టు ఫలితాలను జనంలోకి తీసుకెళ్లడం ఎలా

తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల మధ్య అనువాదం చేసే కంప్యూటర్‌ మోడల్‌ తయారైంది, పరిశోధన పేపర్‌ అచ్చయింది. హైదరాబాద్‌లో దాన్ని వాడుకోగలిగే వాళ్లలో ఎక్కువమంది ఆ పేపర్‌ చదవరు. పత్రికల డెస్కుల్లో వార్తలు తర్జుమా చేసేవాళ్లు, కోర్టు కాగితాలు అనువదించేవాళ్లు, పాఠ్యపుస్తకాల పని చేసేవాళ్లు వేరే దారిలో వింటారు. వాళ్ల దాకా చేరాలంటే ఫలితాలను వాళ్ల భాషలో, తప్పులతో సహా చూపించాలి.

ప్రకటనకు ముందు లైసెన్సు చూసుకోండి. మెటా విడుదల చేసిన అనువాద మోడల్‌ ఎన్‌ఎల్‌ఎల్‌బీ-200ను ఫైన్‌ట్యూన్‌ చేసి (మీ డేటాతో మరికొంత నేర్పించి) ఉంటే దాని లైసెన్సు వ్యాపార అవసరాలకు ఒప్పుకోదు. కాబట్టి ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని ప్రెస్‌నోట్‌లో రాయకూడదు. భారతీయ భాషల అనువాద మోడల్‌ ఇండిక్‌ట్రాన్స్‌2 మీద కట్టినదైతే దానిది వ్యాపారానికీ ఒప్పుకునే ఎంఐటీ లైసెన్సు, ఆ చిక్కు లేదు. డేటా సంగతి వేరు. అనుమతి లేకుండా పత్రికల నుంచి తీసుకున్న వాక్యాలను విడుదల చేయొద్దు. ఫోన్‌, ఆధార్‌ నంబర్లు తీసేసేటప్పుడు ౦ నుంచి ౯ దాకా తెలుగు అంకెలను కూడా వెతకాలి. ఈ పని చేసే చాలా ప్రోగ్రాములు వాటిని వదిలేస్తాయి.

స్కోర్ల దగ్గర తొందర వద్దు. బ్లూ స్కోరు (BLEU) మోడల్‌ అనువాదంలోని పదాలను మనుషులు చేసిన అనువాదంతో పోల్చుతుంది. తెలుగులో ‘ఇంటినుంచి’ అని కలిపి రాసినా ‘ఇంటి నుంచి’ అని విడదీసినా ఒకటే, బ్లూ మాత్రం మార్కులు కోస్తుంది. సీహెచ్‌ఆర్‌ఎఫ్‌ (chrF) అనే మరో స్కోరు మామూలు సెట్టింగులో ఖాళీలను వదిలేసి అక్షరాల వరుసను లెక్కిస్తుంది, అక్కడ ఈ నష్టం రాదు. రెండూ ఇవ్వండి. ఏ టెస్ట్‌సెట్టో, అంటే ఏ వాక్యాల మీద పరీక్షించారో చెప్పండి (చాలామంది వాడే ఫ్లోరెస్‌-200 డెవ్‌టెస్ట్‌ అయితే 1012 వాక్యాలు). స్కోర్లు లెక్కించే సాక్రెబ్లూ టూల్‌ చూపించే సిగ్నేచర్‌ లైన్‌ను (ఏ సెట్టింగులతో లెక్కించిందో చెప్పే వరుసను) పట్టిక కింద యథాతథంగా పెట్టండి. అది లేకపోతే మీ అంకెను మరొకరి అంకెతో పోల్చే వీలుండదు.

పత్రిక చదివేవాళ్లకు స్కోరు కన్నా వాక్యాలే ముఖ్యం. ఒక 30 వాక్యాలు ఎంచుకోండి: 10 బాగా వచ్చినవి, 10 సర్దుకుపోదగినవి, 10 చెడిపోయినవి. చెడిపోయినవి దాచిన ప్రాజెక్టును అనువాదకులు మళ్లీ నమ్మరు. తెలుగుకు ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలిసిందే. ఇంగ్లీషు నుంచి వచ్చేటప్పుడు ‘మనం’ రావాల్సిన చోట ‘మేము’ వస్తుంది, పెద్దవాళ్లను ‘నువ్వు’ అంటుంది. తెలుగు నుంచి వెళ్లేటప్పుడు కర్త లేని ‘వచ్చింది’ మనిషా వస్తువా అన్నది తేలదు. ఇలాంటివి తప్పక చేర్చండి.

డెమో అంటే ఎన్టీఆర్‌ స్టేడియంలో జరిగే బుక్‌ ఫెయిర్‌ లాంటి చోట స్టాల్‌ మంచిది. రచయితలు, ప్రూఫ్‌రీడర్లు వస్తారు. అక్కడ నెట్‌ మీద ఆధారపడొద్దు. 60 కోట్ల పారామీటర్ల (మోడల్‌ నేర్చుకున్న అంకెల) మోడల్‌ ఒక్కో అంకెను 32 బిట్లలో దాచితే దాదాపు 2.4 జీబీ ఉంటుంది. 8 బిట్లకు కుదిస్తే దాదాపు 600 ఎంబీ, మామూలు ల్యాప్‌టాప్‌ సీపీయూ మీదే నడుస్తుంది. కుదించాక 30 వాక్యాలనూ మళ్లీ నడిపి చూడండి, నాణ్యత కొంత తగ్గవచ్చు. జనం మాత్రం ఫ్లోరెస్‌ వాక్యాలు టైప్‌ చేయరు. ‘ఏడికి పోతున్నవ్‌’ అని కొడతారు, ‘బస్‌ మిస్సయింది’ అంటారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. ఆ చివరిదాన్ని ముందే గుర్తించి తెలుగు లిపిలోకి మార్చే మెట్టు పెట్టకపోతే డెమో అక్కడే ఆగిపోతుంది.

ప్రెస్‌నోట్‌ను మీ మోడల్‌తో తర్జుమా చేయించి అలాగే పంపొద్దు. తెలుగులోనే రాసి, అనువాదం తెలిసినవాళ్లతో చదివించండి. వచనాన్ని మెయిల్‌ లోపలే యూనికోడ్‌లో పెట్టండి. పీడీఎఫ్‌ నుంచి తెలుగు కాపీ చేస్తే తరచూ వత్తులు చెదురుతాయి. ఫ్లెక్సీ వేయించే డీటీపీ సెంటర్‌లో యూనికోడ్‌ కాని అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్‌ ఉంటే యూనికోడ్‌ నేరుగా అతకదు, ప్రశ్నార్థకాలు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చాక ప్రతి వత్తునూ కంటితో చూడాలి. ఇన్‌డిజైన్‌ అయితే వరల్డ్‌ రెడీ కంపోజర్‌ ఆన్‌ చేయించండి, లేకుంటే వత్తులు విడిపోతాయి. ఉర్దూ తెలంగాణలో రెండో అధికార భాష, దానికీ ఒక పోస్టర్‌ ఉండాలి. నస్తాలీక్‌ లిపికి వరుసల మధ్య ఎడం పెంచకపోతే చుక్కలు తెగిపోతాయి.

కోడ్‌, మోడల్‌ సంగతి తేలిక: కోడ్‌కు గిట్‌హబ్‌, మోడల్‌కు హగ్గింగ్‌ ఫేస్‌ సైట్లు చాలు. డేటాను పరిశోధన ఫైళ్లు దాచే జెనోడో సైట్లో పెడితే రెండు డీఓఐలు (మారని లింకులు) వస్తాయి: ఒకటి ఆ వెర్షన్‌కు, ఇంకొకటి అన్ని వెర్షన్లకూ కలిపి. పేపర్‌లో ఆ వెర్షన్‌ డీఓఐ ఇవ్వండి, ప్రెస్‌నోట్‌లో ఎప్పుడూ తాజా వెర్షన్‌కు తీసుకెళ్లేది ఇవ్వండి.

స్టాల్‌లో తప్పు చూపించిన ప్రతివాళ్లతో సరైన వాక్యం కూడా రాయించుకోండి, వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక టిక్‌ తీసుకోండి. ఒప్పుకున్నవాళ్ల పేర్లు మోడల్‌ కార్డులో (మోడల్‌ వివరాల పేజీలో) చేర్చి, కొత్త వెర్షన్‌ రాగానే ముందు వాళ్లకే కబురు పంపండి.