అడగకముందే అందించే యాప్‌ను ఎలా రూపొందించాలి: ఒక రైలు టికెట్ ఉదాహరణ

సంక్రాంతి రద్దీలో మా పెద్దమ్మను మధ్యాహ్నం బండి ఎక్కించడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లాను. బండి ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుండగా ఆమె ఒక చేత్తో సంచి పట్టుకొని, మరో చేత్తో ఫోనులో టికెట్ యాప్ తెరిచింది. ముందు రోజు రాత్రి అదే ఫోనులో అదే టికెట్ చూసుకొని పడుకున్న మనిషిని ఆ యాప్ అడిగిన మొదటి ప్రశ్న: "ఎక్కడి నుంచి? ఎక్కడికి?" కోచ్ నంబరు కావాలంటే మళ్లీ లాగిన్ కావాలంది, ఓటీపీ అడిగింది, అది ఎంతకూ రాలేదు. వినియోగదారు అవసరాన్ని ముందే గ్రహించడమంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు కాబట్టి, రైలు టికెట్‌నే తీసుకొని ఈ పని ఎలా చేయాలో వివరిస్తాను.

తెరలు గీయడానికి ముందు మొత్తం ప్రయాణాన్ని ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి: బుకింగ్ ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూసే రోజులు, టికెట్ కొనే రోజు, వెయిటింగ్ లిస్టులో గడిపే రోజులు, ఎవరికి ఏ బెర్తో తేల్చే చార్ట్ తయారయ్యే వేళ, ప్లాట్‌ఫామ్, బెర్తు, దిగాల్సిన స్టేషన్. ఒక్కొక్క దశ కింద ఆ మనిషికి అప్పటికే ఏమి తెలుసు, ఏది తెలియక కంగారు పడుతున్నారు, చేతులు ఖాళీగా ఉన్నాయా లేవా అన్నది రాయాలి. ఇది ఆఫీసులో కూర్చొని ఊహిస్తే వచ్చేది కాదు. ఏదైనా స్టేషన్‌లో రెండు గంటలు నిలబడితే, జనం పక్కవాళ్లను పదే పదే అడిగే ప్రశ్నలు మీ చెవిన పడతాయి. "ఎస్ ఫోర్ ఎక్కడ ఆగుతుందండీ?" అన్న ప్రశ్న పదిమంది నోట విన్నారంటే, ప్రయాణం రోజున యాప్ తెరవగానే కోచ్, బెర్తు, ఆ కోచ్ ఆగే చోటు పెద్ద అక్షరాలతో, నెట్ లేకపోయినా కనిపించాలన్నమాట. కొత్త టికెట్లు వెతికే పెట్టె ఆ ఒక్క రోజుకు కిందికి జరగవచ్చు.

ముందే గ్రహించాలంటే మనుషుల మీద నిఘా పెట్టాలని చాలామంది అనుకుంటారు. క్యాలెండరు, గడియారం, వాళ్లు స్వయంగా ఇచ్చిన వివరాలు ఉంటే ఎక్కువ భాగం పని జరిగిపోతుంది. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు, ప్రయాణ తేదీని మినహాయించి, 60 రోజులు. అంటే జనవరి 13న తొలి స్టేషన్‌లో బయలుదేరే బండికి బుకింగ్ నవంబరు 14 ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. లెక్క తొలి స్టేషన్ తేదీ నుంచి కాబట్టి, దూరం నుంచి వచ్చే బండిని మరునాడు మధ్యలో ఎక్కేవారు ఒక రోజు తప్పుతుంటారు. కొన్ని పగటి ఎక్స్‌ప్రెస్‌లకు గడువు ఇంకా తక్కువ. ఈ లెక్కను మనుషుల మీద వదిలేయకండి. ఇంకా తెరవని తేదీని ఎవరైనా వెతికితే "రైళ్లు లేవు" అనడం వారిని తప్పుదారి పట్టించడమే. "ఈ బండికి బుకింగ్ నవంబరు 14 ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. ముందు రోజు సాయంత్రం గుర్తు చేయమంటారా?" అని అడగండి. దీనికి లొకేషన్ అనుమతి గానీ, కాంటాక్టుల అనుమతి గానీ అక్కర లేదు.

యాప్ ఎంత చొరవ తీసుకోవచ్చన్నది, అంచనా తప్పితే ఎవరికెంత నష్టమో దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. టికెట్‌ను ఫోనులో దాచి ఉంచడం అడగకుండానే చేసేయవచ్చు. 60 ఏళ్లు దాటిన వయసు నమోదు కాగానే కింది బెర్తును ముందుగా ఎంచి ఉంచవచ్చు, అయితే ఆ ఎంపిక కంటికి కనిపించాలి, ఒక్కసారి తాకితే మారిపోవాలి. డబ్బు విషయంలో మాత్రం ఏ చొరవా పనికిరాదు. బీమాకో విరాళానికో ముందే టిక్కు పెట్టి ఉంచడాన్ని నేను సాయమని ఒప్పుకోను. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 మోసపూరిత పద్ధతుల్లో, కొనేవారి సమ్మతి లేకుండా బుట్టలో అదనంగా చేర్చడం కూడా ఉంది.

వెయిటింగ్ లిస్టు దగ్గర మాటల ఎంపికే అసలు పని. చార్ట్ తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే మిగిలిన ఈ-టికెట్ దానంతటదే రద్దవుతుంది, ఆర్‌ఏసీ (ఒక బెర్తును ఇద్దరు పంచుకొని కూర్చొని వెళ్లే టికెట్) వచ్చినవారు మాత్రం బండి ఎక్కవచ్చు. ఈ తేడా తెలియక స్టేషన్ దాకా వచ్చి వెనక్కి తిరిగేవారున్నారు. అందుకని సందేశం ఇలా ఉండాలి: "మీ టికెట్ ఖరారు కాలేదు, దీనితో బండి ఎక్కే వీలు లేదు. రద్దు కోసం మీరేమీ చేయనవసరం లేదు. డబ్బు మీరు చెల్లించిన ఖాతాకే తిరిగి వస్తుంది." దాని కిందనే, అదే రోజు ఆ ఊరికి ఖాళీలున్న వేరే బండ్లు చూపించండి.

ఇక మా పెద్దమ్మ ఓటీపీ సంగతి. ఆ టికెట్ కొన్నది డాలస్‌లో ఉన్న మా అన్నయ్య, ఖాతా అతనిది, ఓటీపీ వెళ్లింది అతని ఫోనుకు, అప్పుడక్కడ అర్ధరాత్రి దాటింది. మన ఇళ్లలో టికెట్ కొనేది ఒకరు, ప్రయాణం చేసేది మరొకరు కావడం ఎంతో మామూలు. అయినా చాలా యాప్‌లు ఇద్దరూ ఒకరేనన్న నమ్మకంతో తయారవుతాయి. కొనేటప్పుడే "ప్రయాణించేది మీరేనా?" అని ఒక్క ప్రశ్న వేయండి. కాదంటే ప్రయాణికుల నంబరు, వారు చదవగలిగే భాష తీసుకొని, కోచ్, బెర్తు, బండి ఆలస్యం వంటి కబుర్లు లాగిన్ అవసరం లేకుండా నేరుగా వారికే ఆ భాషలో పంపండి. రశీదు, రీఫండు సమాచారం మాత్రం కొన్నవారికి వెళ్లాలి. ఆ నంబరును ఈ ప్రయాణానికి తప్ప మరి దేనికీ వాడకండి.

అన్నీ అయ్యాక ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, 60 దాటిన ఒక మనిషి చేతికిచ్చి, రెండో చేతికి బరువైన సంచి ఇచ్చి, ఎండలో నిలబెట్టి పరీక్షించండి. మీరు పక్కన ఉండి ఏమీ చెప్పకూడదు. కోచ్ నంబరు చదవడానికి ఆ మనిషి సంచి కింద పెట్టి కళ్లజోడు వెతుక్కుంటే, అక్షరాలు ఇంకా పెంచాలి.