స్థానిక ఆహార పంపిణీ వ్యాపారం వల్ల ప్రాంతానికి ఎంత మిగులుతుందో లెక్కేయడం ఎలా

టర్నోవర్ చూసి మురిసిపోకండి, అందులో ఎంత ఊళ్లోనే తిరుగుతోందో చూడాలి. దీనికి ఎల్ఎం3 (లోకల్ మల్టిప్లయర్ 3, అంటే డబ్బు ఊళ్లో తిరిగే మొదటి మూడు విడతల్ని లెక్కేసేది) అనే తేలికైన పద్ధతి ఉంది, లండన్‌లోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ తయారుచేసింది.

ముందు మీ ప్రాంతం హద్దు గీసుకోండి, మధ్యలో మార్చొద్దు. వ్యాపారానికి ఏడాదిలో 100 వచ్చిందనుకుందాం. అందులో స్థానిక రైతులకు, డ్రైవర్లకు, గోడౌన్ అద్దెకు 60 వెళ్లింది, వాళ్లు మళ్లీ ఇక్కడే 30 ఖర్చు పెట్టారు. మూడూ కలిపితే 190, దాన్ని 100తో భాగిస్తే 1.9, అంటే వచ్చిన ప్రతి రూపాయికీ ప్రాంతంలో మొత్తం 1.90 రూపాయలు తిరిగినట్టు. ఏదీ బయటికి పోకపోతే గరిష్ఠంగా 3 వస్తుంది, అది ఎక్కడా జరగదనుకోండి.

మూడో అంకె, అంటే ఆ 30, రాబట్టడమే తలనొప్పి. రైతుల్ని, సిబ్బందిని కూర్చోబెట్టి విత్తనాలు ఎక్కడ కొన్నారు, జీతంలో ఎంత ఇక్కడే ఖర్చయింది అని అడగాల్సిందే. డీజిల్, ప్యాకింగ్ సామాను, బ్యాంకు వడ్డీ డబ్బు ఎక్కువగా బయటికే పోతుంది, కాబట్టి బండి సరుకు దించి ఖాళీగా తిరిగొస్తుంటే ముందు దాన్ని సరిచేయండి, వచ్చే దారిలో ఇంకెవరి సరుకైనా ఎక్కించండి.

ఇంకోటి, చాలామంది వదిలేసేది: మీ కొత్త కస్టమర్లు ఇంతకుముందు పక్క వీధి వ్యాపారి దగ్గరే కొనేవాళ్లైతే ఆ అమ్మకం ప్రాంతానికి కొత్త ఆదాయం కాదు, చేతులు మారిందంతే. దాన్ని తీసేసి లెక్క చూడండి. రైతుకు చెల్లింపు ఎన్ని రోజులకు అందుతోందో కూడా పక్కన రాసుకోండి, ఎందుకంటే ఆలస్యమైతే అతను అప్పు చేస్తాడు, ఆ వడ్డీ మీ 1.9లో ఎక్కడా కనబడదు.